కొల్యూర్‌లో పడవలు ఎటు పోయాయి?

ఫ్రాన్స్‌లో కాస్త మంచి సరుకు అమ్మే దుకాణాల్లో ఒక చిన్న గాజు సీసా కనిపిస్తుంది. లోపల ఎర్రమట్టి రంగుకు తిరిగిన సన్నని చేప ముక్కలు నూనెలో ఒద్దికగా పేర్చి ఉంటాయి. సీసా మీద కొల్యూర్ అనే ఊరి పేరు ఉంటుంది. చేప పేరు ఆంచోవీ. పేరు కొత్తగా ఉన్నా చేప మనకు తెలిసిందే, మన నెత్తళ్ళ కుటుంబంలోది. మనం ఎండబెట్టి వంకాయలో వేసి వండుకుంటాం. వాళ్ళు ఉప్పులో నెలల తరబడి మాగబెట్టి రొట్టె మీద పెట్టుకుని తింటారు.

ఆ చేపను ఉప్పులో వేయడం, మాగబెట్టడం, ముల్లు తీయడం అన్నీ కొల్యూర్‌లోనే జరుగుతాయి. చేప మాత్రం ఆ ఊరి రేవులో దిగింది కాదు. ఊరి పేరూ చేప పేరూ కలిసిపోయి ఉన్నాయి, ఊళ్ళో వేట మాత్రం దాదాపు లేదు. వేసవిలో అదే ఒడ్డున కాలు పెట్టడానికి చోటుండదు. అంతా టూరిస్టులే.

‘చేపలు తగ్గాయి, టూరిస్టులు వచ్చారు, జాలర్లు హోటళ్ళు పెట్టుకున్నారు’ అని ఒక్క మాటలో చెప్పేయవచ్చు. తీరప్రాంతపు ఊళ్ళ గురించి ఎక్కడ చదివినా దాదాపు ఇదే కథ. కొల్యూర్ చరిత్ర కాస్త దగ్గరగా చూస్తే ఈ వరుస కుదరదు. జనం రావడం మొదలైనప్పుడు సముద్రంలో చేపలకు కొదవ లేదు. పడవలు ఊరు వదిలింది చేపలు లేక కాదు. టూరిస్టు ఒక్కడు కూడా రాకపోయినా ఆ పడవలు ఆ ఒడ్డున మిగిలేవి కావని నా నమ్మకం. మూడు నాలుగు వేరువేరు కథలు ఒకే ఊళ్ళో, కొంచెం అటూ ఇటూగా ఒకే కాలంలో నడిచాయి. దూరం నుంచి చూసేవాళ్ళకు అవి ఒకే కథలా కనిపిస్తాయి. వాటిని విడదీసి చూద్దాం.

సగం సముద్రం, సగం కొండ

ఫ్రాన్స్ దక్షిణ కొసన, పిరనీస్ కొండలు మధ్యధరా సముద్రంలోకి దిగే చోట కొల్యూర్ ఉంది. స్పెయిన్ సరిహద్దు దగ్గరే. జనాభా మూడు వేల లోపు. 1659లో జరిగిన పిరనీస్ ఒప్పందంతో ఈ ప్రాంతం స్పెయిన్ చేతి నుంచి ఫ్రాన్స్ చేతికి వచ్చింది. ఊరి పాత భాష మాత్రం కాటలాన్. పాతతరం ఇళ్ళలో అది ఇప్పటికీ వినిపిస్తుంది. చిన్న అఖాతం, దాని నడుమ ఒకప్పుడు మజోర్కా రాజులు వేసవి విడిది చేసిన కోట, నీళ్ళ అంచునే చర్చి. ఆ చర్చి గంటల గోపురం అంతకుముందు ఓడలకు దారి చూపిన దీపస్తంభం.

ఇక్కడ చేపను ఉప్పులో వేసే వృత్తి మధ్యయుగాల నాటిది. ఫ్రాన్స్ రాజులు ఉప్పు మీద గబెల్ అనే పన్ను వేసేవారు. జనం దాన్ని తిట్టుకోని రోజు లేదు. ఆ పన్ను నుంచి ఈ ఊరికి మినహాయింపు దొరికిందనీ, ఉప్పు చేపల వ్యాపారం అందుకే ఇక్కడ నిలదొక్కుకుందనీ చెబుతారు. చేప చాలా తీరాల్లో ఉంటుంది. ఉప్పు చవకగా దొరికే తీరాలు తక్కువ.

‘జాలరి పల్లె’ అన్న మాట వినగానే పొద్దున్నే వేటకు వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే, సముద్రం తప్ప వేరే ఆధారం లేని మనుషులు మన కళ్ళ ముందు కదులుతారు. కొల్యూర్ జాలరి అలాంటివాడు కాదు. ఊరి వెనక నిటారుగా లేచే కొండల మీద, రాళ్ళు పేర్చి కట్టిన మెట్ల పొలాల్లో ద్రాక్షతోటలు ఉంటాయి. చాలా కుటుంబాలకు కింద పడవ, పైన తోట. వసంతం నుంచి వేసవి దాకా ఆంచోవీ వేట, వేసవి ముగిశాక ద్రాక్ష కోత. వాయవ్యం నుంచి త్రామోంతాన్ అనే గాలి రోజుల తరబడి వీస్తే పడవ నీళ్ళలోకి దిగదు, అప్పుడు కొండ మీద పని. ఆ తోటల వైన్‌కు 1936లో బన్యూల్స్ పేరుతో, 1971లో కొల్యూర్ పేరుతో అధికారిక గుర్తింపు వచ్చింది. అంటే ఒకే పని మీద బతకని కుటుంబాలు ఇవి. ఒకటి దెబ్బతింటే రెండోదాని మీదికి ఒరిగేవి. ఈ అలవాటు తర్వాతి కాలంలో చాలా అక్కరకు వచ్చింది. గది అద్దెకివ్వడం వాళ్ళకు మూడో పంట లాంటిదైంది.

పడవ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఊరి పోస్టుకార్డులన్నిటి మీదా ఉండేది అదే. కాటలాన్ బార్క అంటారు. పొడవైన వాలు కర్రకు కట్టిన ముక్కోణపు తెరచాప, పైన ముదురు రంగులు. ఓడరేవు లాంటిదేమీ అక్కర్లేని పడవ అది. వేట నుంచి రాగానే గులకరాళ్ళ ఒడ్డు మీదికి లాగేసేవాళ్ళు. అక్కడే వలలు ఆరేవి, అక్కడే ఆడవాళ్ళు వాటిని బాగుచేసేవాళ్ళు. ఒడ్డంటే వాళ్ళకు పని చేసుకునే వాకిలి.

1905 వేసవి ఏం మార్చింది, ఏం మార్చలేదు

1860లలో రైలు ఈ తీరానికి వచ్చింది. ఆ రైలు దిగి 1905 మే నెలలో హెన్రీ మతీస్ అనే చిత్రకారుడు కొల్యూర్ చేరాడు. వయసు 35. చేతిలో పెద్దగా డబ్బు లేదు. స్టేషన్ దగ్గరి చిన్న సత్రంలో దిగాడు. జులైలో 25 ఏళ్ళ ఆంద్రే దెరాన్ వచ్చి కలిశాడు. ఆ వేసవిలో ఇద్దరూ పిచ్చి పట్టినట్టు బొమ్మలు వేశారు. మతీస్ తన కిటికీలోంచి కనిపించిన పడవలను గులాబీ రంగు నీళ్ళలో నిలబెట్టాడు. గులకరాళ్ళ ఒడ్డును ఒక బొమ్మలో ఎర్రగా వేశాడు. దెరాన్ ఆరబెట్టిన తెరచాపలను వేశాడు. అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో ఆ బొమ్మలు చూసి లూయీ వోక్సెల్ అనే విమర్శకుడు వీళ్ళను ‘ఫోవ్’లు అన్నాడు, అంటే క్రూరమృగాలు. తిట్టు కాస్తా పేరైంది. ఫోవిజం అనే కళోద్యమం అలా పుట్టింది.

కొల్యూర్ గురించి రాసే ప్రతి ఒక్కరూ ఇక్కడే ఒక ముడి వేస్తారు: చిత్రకారులు వచ్చారు, వాళ్ళ వెంట టూరిస్టులు వచ్చారు అని. నిజానికి 1905 తర్వాత ఊళ్ళో పనుల తీరు ఏమాత్రం మారలేదు. వేట నడిచింది, ఉప్పు పెట్టడం నడిచింది. చిత్రకారులు మాత్రం వస్తూనే ఉన్నారు. వాళ్ళలో కొందరు భోజనం బాకీకి బొమ్మ ఇచ్చి వెళ్ళిన జ్ఞాపకాలు ఊళ్ళో ఉన్నాయి. ఊరికి వాళ్ళు డబ్బు తేలేదు. తెచ్చింది ఒక రూపం. ఈ ఊరు ఇలా ఉంటుంది అని ప్రపంచం మనసులో ఒక బొమ్మ గీసిపెట్టారు. ఆ బొమ్మ చాలా ఏళ్ళు బ్యాంకులో డిపాజిట్‌లా పడి ఉంది. వడ్డీ రావడానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది.

నన్ను బాగా ఆలోచింపజేసేది ఇంకొకటి. ఆ బొమ్మల్లో ఉన్నది పనిచేసే ఊరు. ఆరుతున్న తెరచాప అందం కోసం ఆరడం లేదు. పడవలు ఒడ్డున అంత దగ్గరదగ్గరగా ఉన్నది చోటు చాలక. చిత్రకారులకు రంగులుగా కనిపించినదంతా ఆ మనుషుల బతుకుతెరువు. ఇప్పుడు ఊళ్ళో ఆ బొమ్మలు వేసిన చోట్లలోనే వాటి నకళ్ళు ఫ్రేములు కట్టి నిలబెట్టారు. ‘ఫోవిజం బాట’ అని పేరు. బొమ్మ ముందు నిలబడి తల ఎత్తితే అదే గోపురం, అదే కొండ, అదే నీళ్ళు. పడవల గుంపు ఒక్కటే ఉండదు.

సెలవు జీతంతో వచ్చిన జనం

టూరిస్టులను తెచ్చింది కుంచె కంటే ఎక్కువగా చట్టం. 1936 జూన్‌లో ఫ్రాన్స్‌లో వామపక్షాల కూటమి అయిన పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం కార్మికులందరికీ ఏడాదికి రెండు వారాలు జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. రైలు టికెట్లకు రాయితీ కూడా పెట్టారు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళలో చాలామంది సముద్రాన్ని మొదటిసారి చూసింది ఆ వేసవిలోనే. మూడో వారం 1956లో, నాలుగోది 1969లో, అయిదోది 1982లో కలిశాయి. మధ్యలో ఇంటింటికీ కారు వచ్చింది. ఒక దేశం మొత్తానికి ఆగస్టు నెల ఖాళీగా దొరికితే ఆ జనమంతా ఎక్కడికో పోవాలి కదా. తీరానికి పోయారు.

నడుమ యుద్ధాలున్నాయి. 1939 ఆరంభంలో స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడినవాళ్ళు లక్షల్లో సరిహద్దు దాటి ఈ తీరానికే వచ్చారు. పక్కనున్న ఆర్జెలెస్ ఇసుక తిన్నెల మీద ముళ్ళకంచెల మధ్య వాళ్ళను ఉంచారు. స్పెయిన్ కవి ఆంటోనియో మచాడో సరిహద్దు దాటి కొల్యూర్ చేరి, ఒక చిన్న హోటల్లో ఫిబ్రవరి 22న చనిపోయాడు. వెంట వచ్చిన తల్లి మూడు రోజులకు పోయింది. ఊరి శ్మశానంలో ఆయన సమాధి దగ్గర ఒక ఉత్తరాల పెట్టె ఉంది. జనం ఇప్పటికీ ఆయనకు ఉత్తరాలు రాసి అందులో వేస్తారు. ఆ సమాధి కోసం వచ్చేవాళ్ళను నేను టూరిస్టులని అనలేను. ఒకప్పుడు కంచెలు వేసిన ఆ ఇసుక మీదే ఇప్పుడు వేసవిలో గొడుగులు పరుచుకుంటారు. ఆర్జెలెస్ ఈనాడు క్యాంపింగ్ స్థలాలకు పేరుపడ్డ ఊరు.

ఆర్జెలెస్ అలా ఎందుకైంది, కొల్యూర్ ఎందుకు కాలేదు అన్నది ముఖ్యం. జనం స్పెయిన్ బీచ్‌లకు పోతున్నారని, ఆ డబ్బు ఇక్కడే ఆగాలని 1963లో ఫ్రాన్స్ ప్రభుత్వం లాంగ్‌దాక్-రూసియోన్ తీరం కోసం పెద్ద పథకం పెట్టింది. దాన్ని నడిపిన అధికారి పియెర్ రాసీన్ పేరు మీద ‘రాసీన్ మిషన్’ అంటారు. దోమలు నిండిన చిత్తడి నేలలను బాగుచేసి, లా గ్రాంద్ మోత్ లాంటి కొత్త బీచ్ పట్టణాలను ఏకంగా సున్నా నుంచి కట్టారు. వాటికి కావలసింది పొడవైన ఇసుక తీరం, వెనక చదునైన నేల. కొల్యూర్‌లో రెండూ లేవు. ఉన్నది రాయి, కొండ, అరచేయంత ఒడ్డు. ఆ కాంక్రీటు ఇటు రాలేదు. 1986 నాటి తీర పరిరక్షణ చట్టం వచ్చి ఊళ్ళు లేని చోట నీటి అంచున వంద మీటర్ల లోపు కొత్త కట్టడాలను ఆపేనాటికి ఇక్కడ పెద్దగా పాడైంది లేదు.

దాని ఫలితం విచిత్రంగా వచ్చింది. చుట్టూ తీరమంతా కొత్తదైపోయేసరికి, పాతగా మిగిలిపోవడమే ఈ ఊరి ఆస్తి అయింది. పక్క ఊళ్ళలో టెంటు వేసుకున్న కుటుంబం పగలంతా ఇసుకలో ఆడి, సాయంత్రం ‘అసలైన ఊరు’ చూద్దామని కొల్యూర్ వస్తుంది. ఐస్‌క్రీమ్ తిని, గోపురం ముందు ఫొటో దిగి వెళ్తుంది. ఈ ఊరి మీద పడే ఒత్తిడిలో పెద్ద భాగం ఊళ్ళో పడుకోని జనానిదే. ఇరుకు వీధులు, పార్కింగ్ టెన్షన్, చెత్త, నీళ్ళు, వీటి భారం ఊరిది. గది అద్దె మాత్రం పక్క ఊరికి పోతుంది.

పడవ పెద్దదైంది, ఒడ్డు చిన్నదే

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో లాంపారో అనే వేట ఈ తీరంలో జోరందుకుంది. చీకటి రాత్రి, ముఖ్యంగా వెన్నెల లేనప్పుడు, పడవ మీద పెద్ద దీపం వెలిగిస్తారు. వెలుతురుకు చిన్న చిన్న జీవులు చేరతాయి, వాటికోసం ఆంచోవీలూ సార్డైన్లూ గుంపుగా వస్తాయి. చుట్టూ వల తిప్పి కింద నుంచి మూతి బిగిస్తారు. ఒక్క రాత్రిలో దొరికే చేప పాత తెరచాప పడవ కలలో కూడా మోయలేనంత. (దీపాల వేట ఎంత బలమైనదో మన జాలర్లకు వేరే చెప్పక్కర్లేదు. మన దేశంలో ఎల్‌ఈడీ దీపాలతో వేటను 2017లో నిషేధించారు.) 1962లో అల్జీరియా స్వతంత్రమయ్యాక అక్కడి నుంచి వచ్చేసిన ఫ్రెంచ్ జాలర్లు కొందరు ఈ తీరంలోనే స్థిరపడి, పెద్ద పడవల వేటకు ఊపు తెచ్చారు. ఆ తర్వాత ట్రాలర్లు, అంటే వల ఈడ్చుకెళ్ళే పెద్ద పడవలు, వచ్చాయి.

పెద్ద ఇంజను, పెద్ద వల, మంచు పెట్టెలు, క్రేను. ఇలాంటి పడవను గులకరాళ్ళ మీదికి లాగలేం. దానికి లోతైన రేవు కావాలి, చేప దింపే గట్టు కావాలి, లారీ తిరిగే చోటు కావాలి. ఇవన్నీ పక్క మలుపు తిరిగితే చాలు, పోర్ వాండ్ర్‌లో ఉన్నాయి. మూడు కిలోమీటర్ల దూరం. సహజంగా లోతైన రేవు, ఒకప్పుడు అల్జీరియాకు ఓడలు నడిచిన చోటు. పడవలు అక్కడికి పోయాయి. కొల్యూర్ వేట చచ్చిపోలేదు, మెట్టినింటికి పోయినట్టు పక్క ఊరికి పోయింది. కుటుంబాలు కొన్ని ఇక్కడే ఉండి అక్కడ పడవ ఎక్కేవి.

అందుకే ‘టూరిజం వచ్చి వేటను చంపేసింది’ అని నేను అనలేను. చిన్న పడవ చేతిలోంచి చేపను తీసుకుంది పెద్ద పడవ. ఖాళీ అయిన ఒడ్డు మీదికి టూరిస్టు వచ్చి కూర్చున్నాడు. ఈ రెండింటి మధ్య తేడా ఏమిటని ఎవరికైనా అనిపించవచ్చు. తేడా చాలా ఉంది. టూరిజమే వేటను చంపిందన్నది నిజమైతే, టూరిస్టులను తగ్గిస్తే వేట తిరిగి రావాలి. అలా వచ్చే అవకాశం లేదు.

పెద్ద పడవ మాత్రం సుఖపడిందా? 2008 ప్రాంతం నుంచి, ఈ తీరం ముందున్న లియోన్ సింధుశాఖలో ఒక వింత మొదలైంది. సార్డైన్లు, అంటే మన కవళ్ళ జాతి చేపలు, ఉన్నట్టుండి చిన్నవైపోయాయి. అంతకుముందు సగటున 15 సెంటీమీటర్లు ఉండే చేప 11కు దిగింది. ఆంచోవీ కూడా చిక్కిపోయింది. ఎక్కువ పట్టేశారు కాబట్టే ఇలా అయిందని మొదట అందరూ అనుకున్నారు. ట్యూనాలు తినేస్తున్నాయని జాలర్లు అన్నారు. ఫ్రాన్స్ సముద్ర పరిశోధన సంస్థ ఇఫ్రెమెర్ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి వెతికి, ఈ రెండూ ప్రధాన కారణాలు కావని తేల్చారు. వాళ్ళ వేలు చూపింది ఆహారం వైపు. సముద్రంలో ప్లాంక్టన్ తీరు, అంటే నీళ్ళలో తేలే సన్నటి జీవుల తీరు, మారింది. సన్నటి తిండిని వడగట్టుకు తినడానికి చేప ఎక్కువ శక్తి ఖర్చుచేస్తుంది, ఒంటికి పట్టేది తక్కువ. ఎదగదు, త్వరగా చనిపోతుంది. అంత చిన్న చేపను కొనేవాళ్ళు లేరు. వేట ఆపేసినా ఈ చేప వెంటనే తేరుకోదు, ఎందుకంటే దెబ్బ తగిలింది వల వల్ల కాదు. ఇది చాలదన్నట్టు 2019లో ఐరోపా సమాఖ్య పశ్చిమ మధ్యధరాలో సముద్రపు అడుగున తిరిగే చేపల కోసం ఒక ప్రణాళిక తెచ్చి, ట్రాలర్లు వేటకు వెళ్ళే రోజులను ఏటేటా కోస్తూ వచ్చింది. చేపలను కాపాడాలంటే అది అవసరమే. కానీ పోర్ వాండ్ర్ గట్టు మీద నిలబడ్డ ఒక పడవ యజమానికి రెండు వైపులా తలుపు మూసినట్టే.

ఒడ్డున మిగిలిన పని

ఇంతవరకు చెప్పినదంతా మగవాళ్ళ కథ. చేపల వృత్తి గురించి మాట్లాడితే మన చూపు ఎప్పుడూ పడవ మీదికే పోతుంది. కొల్యూర్‌లో నిలిచిన పని పడవది కాదు, ఒడ్డుది. అది ఆడవాళ్ళది.

ఆంచోవీ రాగానే ముందు రాళ్ళుప్పు పట్టిస్తారు. తర్వాత తల తుంచి, ఆ తుంచడంలోనే పేగు కూడా లాగేస్తారు. కత్తి అక్కర్లేదు, వేళ్ళే. పీపాల్లో ఒక వరుస చేప, ఒక వరుస ఉప్పు, చక్రంలా తిప్పుతూ పేరుస్తారు. పైన బరువు పెడతారు. అక్కడి నుంచి పని కాలానిది. నెలలు గడిచేకొద్దీ ఉప్పునీరు ఊరుతుంది, తెల్లటి కండ ఎర్రగా మారుతుంది, పచ్చి వాసన పోయి ఇంకేదో కమ్మటి వాసన వస్తుంది. ఎండు నెత్తళ్ళు వేయించే ఇంట్లో పెరిగినవాళ్ళకు ఆ మార్పు అర్థమవుతుంది. ఎప్పుడు మాగిందో చెప్పేది యంత్రం కాదు, చెయ్యి. తర్వాత కడిగి, వెన్నెముక వెంట బొటనవేలు జార్చి రెండు చీలికలు చేసి, తడి అద్ది, సీసాలో పేరుస్తారు. ఈ పని చేసే ఆడవాళ్ళను అక్కడ ఆంషోయొజ్‌లు అంటారు. ఆంచోవీ పేరులోంచే వాళ్ళ పేరు పుట్టింది. వాళ్ళు పడవ ఎక్కలేదు కాబట్టి పడవతో పాటు వాళ్ళ పని పోలేదు.

ఒకప్పుడు ఊళ్ళో ఇలాంటి ఉప్పు కొట్లు చాలా ఉండేవి. ఇప్పుడు రెండు కుటుంబాలవి మిగిలాయి. 1870 నాటి రోక్, 1903 నాటి దెక్లో. చేతిపని చవకగా దొరికే దేశాల్లో తయారైన సరుకుతో ధరలో పోటీపడటం వీళ్ళ వల్ల కాదు. 2004లో ఐరోపా సమాఖ్య ‘కొల్యూర్ ఆంచోవీ’కి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. మన బందరు కలంకారీకి, తిరుపతి లడ్డుకు ఉన్నలాంటిదే. ఆ గుర్తింపు దేనికి ఇచ్చారో జాగ్రత్తగా చూడాలి. పనితనానికి ఇచ్చారు. చేప కొల్యూర్ ముందున్న నీళ్ళలోదే కావాలనే షరతు అందులో లేదు. ఉండి ఉంటే, చేప చిక్కిపోయిన రోజున ఆ పేరు కూడా పోయేది.

అలాగని బయటి చేప మీద ఆధారపడటం సుఖమేమీ కాదు. అట్లాంటిక్ వైపున్న బిస్కే అఖాతంలో ఆంచోవీ బాగా పడిపోయి 2005 నుంచి 2010 దాకా అక్కడ వేట దాదాపు పూర్తిగా ఆపేశారు. అలాంటప్పుడు ఉప్పు కొట్టు నడపాలంటే ఇంకో సముద్రం వెతుక్కోవాలి.

ఈ కొట్లను నిలబెట్టింది ఎవరు? చాలావరకు టూరిస్టులే. ఊరికి వచ్చినవాడు ఆడవాళ్ళు చేప చీల్చడం చూసి, రుచి చూసి, ఒక సీసా కొని ఇంటికి పట్టుకెళ్తాడు. రేవులో టోకుగా అమ్మే ధర కంటే అది మెరుగు. టూరిజం పాత వృత్తిని మింగేస్తుందనే మాటకు ఇదే గట్టి జవాబు. ఆ జవాబు ఎంతవరకు నిలుస్తుందన్నది ఇంటి అద్దె దగ్గర తేలుతుంది.

ఇల్లు ఎవరిది

కోట ఎదురుగా గుట్టెక్కే మూరే అనే పేట ఉంది. పాత జాలర్ల పేట. సన్నగా, నిట్టనిలువుగా కట్టిన ఇళ్ళు. కింద వలలూ తెడ్లూ పీపాలూ, పైన ఒకటి రెండు గదుల్లో సంసారం. గులాబీ, పసుపు, నీలం గోడలు, గుమ్మం ముందు పూలకుండీ. నడిచివెళ్ళే ప్రతి ఒక్కరూ ఆగి ఫొటో తీసే వీధులు ఇవే.

వేట పోర్ వాండ్ర్‌కు పోయినప్పుడు వలలు పెట్టిన కింది గది ఖాళీ అయింది. ముందు దాన్నే వేసవిలో అద్దెకిచ్చారు. చేతికి వచ్చిన డబ్బుతో పిల్లలు చదువుకున్నారు, దగ్గరి నగరమైన పెర్పిన్యాన్‌లోనో ఇంకా దూరంలోనో ఉద్యోగాలు చూసుకున్నారు. అమ్మానాన్నలు పోయాక ఇల్లు ముగ్గురు నలుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పేర్ల మీద మిగిలింది. ఎవరికీ అక్కడ ఉండాల్సిన పని లేదు. బయటివాళ్ళు ఇచ్చే ధర ఊళ్ళోవాళ్ళు ఎవరూ ఇవ్వలేరు. అమ్మేశారు. ఇందులో మోసం చేసినవాళ్ళు లేరు, మోసపోయినవాళ్ళూ లేరు. ప్రతి కుటుంబం తనకు మంచిదనుకున్నదే చేసింది. అందుకే దీన్ని ఆపడం అంత కష్టం.

ఇప్పుడు కొల్యూర్‌లో ఉన్న ఇళ్ళలో సగానికి పైగా ఏడాదిలో కొన్ని వారాలే తెరిచేవి. జనవరిలో మూరే వీధుల్లో నడిస్తే వరుసగా మూసిన కిటికీలే. ఊళ్ళో ఏడాది పొడవునా ఉండేవాళ్ళు తగ్గితే బడిలో పిల్లలు తగ్గుతారు, మామూలు కిరాణా కొట్టుకు బేరం తగ్గుతుంది, దాని చోట బహుమతుల దుకాణం వస్తుంది. హోటల్లో వడ్డించే కుర్రాడికి, చేప చీల్చే అమ్మాయికి ఊళ్ళో గది దొరకదు. రోజూ బయటి నుంచి వచ్చి పోవాలి.

ఫ్రాన్స్ దీన్ని పట్టించుకోలేదని అనను. రెండో ఇంటి మీద అదనపు పన్ను వేసుకునే అధికారాన్ని 2023లో తీరప్రాంతపు టూరిస్టు ఊళ్ళెన్నిటికో విస్తరించారు. 60 శాతం దాకా పెంచవచ్చు. 2024 నవంబరులో వచ్చిన చట్టం టూరిస్టు అద్దెలకు కళ్ళెం వేసింది. సొంతంగా ఉండే ఇంటిని ఏడాదిలో ఎన్ని రోజులు అద్దెకివ్వచ్చో ఆ పరిమితిని 120 నుంచి 90కి తగ్గించే వీలు ఊరి పాలకులకు ఇచ్చింది. మంచి పనిముట్లే. కానీ సొంతంగా ఉండని, ఎవరికీ అద్దెకివ్వని, డబ్బుకు లోటులేని యజమాని ఇంటిని ఏ పన్నూ తెరిపించలేదు. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడుంది. టూరిస్టు వారానికి వెళ్ళిపోతాడు, మూసిన ఇల్లు మాత్రం వెళ్ళదు. రోజుకు వేలమంది వచ్చే ఊరిని చూసి జాలిపడేవాళ్ళు, ఆ ఊరి శీతాకాలాన్ని కూడా చూడాలి.

పడవల విషయానికొస్తే, అవి పూర్తిగా పోలేదు. పోర్ వాండ్ర్ దాటాక పోలీయ్ అనే చిన్న అఖాతం ఉంది. 1870 నుంచి 1984 దాకా అక్కడ నోబెల్ కంపెనీ డైనమైట్ ఫ్యాక్టరీ నడిచింది. అది మూతపడ్డాక విల్లాలు, పడవల మరీనా కట్టాలని చూశారు. ఆ ప్రయత్నం సాగలేదు. తీరాన్ని కొని కాపాడే ప్రభుత్వ సంస్థ ఆ స్థలం తీసుకుంది, 2008లో జనానికి తెరిచారు. అక్కడి షెడ్డులో ఇప్పుడు పాత కాటలాన్ బార్కలను బాగుచేస్తారు. ఇంకాస్త దక్షిణంగా సెర్బేర్-బన్యూల్స్ సముద్ర రక్షిత ప్రాంతం ఉంది, 1974లో పెట్టింది. అక్కడ చిన్న పడవల జాలర్లను వెళ్ళగొట్టకుండా, నియమాలతో వేట చేసుకోనిచ్చారు. పెద్ద చేపలు తిరిగొచ్చాయి. ఈ తీరంలో చిన్న వేటకు ఇంకా చోటుందని చూపేది అదొక్కటే.

బాగుచేసిన బార్కలు కొన్ని కొల్యూర్ నీళ్ళలో కట్టేసి ఉంటాయి. రంగులు కొత్తగా మెరుస్తుంటాయి. పండగలకు తెరచాప ఎత్తుతారు. వాటి ముందు నిలబడి ఫొటో దిగేవాళ్ళకు పది నిమిషాల నడకలో, ఉప్పు కొట్టు పై గదిలో, ఒక ఆవిడ తలవంచుకుని చేప వెన్ను మీద బొటనవేలు జారుస్తూ ఉంటుంది. వేగం, ఒత్తిడి, ఎక్కడ ఆపాలో తెలియడం, ఇవన్నీ పక్కన కూర్చుని నేర్చుకోవాల్సినవి. ఆ పని ముగిశాక ఆవిడ ఏ ఊరి బస్సు ఎక్కుతుందన్నదే కొల్యూర్ ఇప్పుడు తేల్చుకోవాల్సిన విషయం.